ఆసుపత్రి వరండాలో మా ఊరి బస్సు

దయ్యమైనా సరే, బస్సెక్కితే టికెట్టు తీసుకోవాల్సిందే అనే రకం నేను. ఎర్రబస్సులో కండక్టరుగా పనిచేసినోన్ని. గుట్టల మధ్య, స్మశానాల పక్కన, మనిషి పొడ లేని రోడ్లమీద ఏండ్ల తరబడి తిరిగినా. "ఫలానా మలుపు కాడ తెల్లచీర కట్టుకోని ఒకామె చెయ్యెత్తిందన్నా" అని ఎవరన్నా మొదలుపెడితే, "చేతిలో చిల్లర ఉండెనా లేదా, ముందు అది చెప్పప్పా" అని ఎగతాళి చేస్తాంటి.

ఇప్పుడు కూడా దయ్యాల్ని నమ్మను. ఈడ నేను చెప్పేది చచ్చిపోయినోళ్ళ సంగతి గాదు. బతికుండే మనిషి సంగతి. నా తోడబుట్టినోని సంగతి. ఇది విని మీరు నన్ను నమ్మకపోయినా నాకేం కోపం లేదు. మీ జాగాలో నేనుంటే నేనూ నమ్మను.

మా తమ్ముని పేరు ఓబులేసు. కంబదూరు దాటినాక లోపలికి పోతే మా ఊరు. నేను ఉద్యోగంలో పడితే చేన్లు వాడు చూసుకున్నాడు. వానొస్తేనే పంట, అంతా ఎర్రనేల, ఏసేది సెనక్కాయ. మనిషి మాత్రం ఎట్లుండేవాడనుకున్నారు! సెనక్కాయ మూట ఎత్తి బస్సు టాపుమీదికి విసిరితే కింద డ్రైవరు ఉలిక్కిపడేవాడు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక ముంగారు వానల్లో విత్తనం వేసే టయానికి వానికి జ్వరం పట్టుకుంది. తగ్గేది, మల్ల వచ్చేది. పండ్లు తోముకుంటే చిగుళ్ళనుంచి రక్తం. తొడలమీద నల్లమచ్చలు. కల్యాణదుర్గంలో టైఫాయిడ్ అన్నారు. అనంతపురంలో రక్తం పరీక్ష చేసిన డాక్టరు కాగితం చూసి, వాని మొహం చూసి, బిరీన బెంగుళూరుకు పొమ్మన్నాడు. ఆడ తేల్చి చెప్పినారు, బ్లడ్ క్యాన్సర్ అని.

ఆ మాట విన్నప్పుడు మా మరదలు పద్మ ఏడ్వలే. డాక్టరును చూసి, "ఎన్నాళ్ళుండాల సార్ ఈడ?" అని మాత్రం అడిగింది. నెలలు పడుతుందన్నాడాయన. మందు ఎక్కిస్తే రోగం కణాలతో పాటు మంచి కణాలు గూడా చస్తాయంట. అవి మల్ల పుట్టేదాకా చిన్న జలుబు చేసినా ప్రాణం మీదికొస్తుందంట. అందుకని వానికి వేరే గది. ఒక్కరే పక్కన ఉండాల, అది గూడా మొహానికి గుడ్డ కట్టుకోని, చేతులు కడుక్కోని. నేను లీవు పెట్టినా. పగలు నేను, రాత్రిళ్ళు పద్మ.

మొదటి రౌండు మందు అయిపోయేసరికి వాడు మంచానికి అంటుకుపోయినాడు. జుట్టంతా రాలింది. నోరు పూసి గంజి గూడా దిగదు. కాళ్ళు కట్టెపుల్లలైనాయి.

అట్లాంటి పరిస్థితిలో ఒక పొద్దున ఫిజియో మేడమ్ వచ్చింది. సన్నగా ఉంటుంది, నవ్వు మొహం. కోలారు పిల్ల. ఆమె తెలుగులో సగం కన్నడమే. "ఏళ్రీ ఓబులేసూ, ఏళ్రీ" అనింది. లెయ్యండి అని. ఇంగ ఈ పొద్దునుంచి వ్యాయామం చెయ్యాలంట.

నాకు మండిపోయింది. "గంజి నిలవని మనిషితో కసరత్తు చేయిస్తారా మేడమ్? మావాడు పహిల్వాన్ కావాల్నా ఏమి?" అన్నా. మా వైపు రోగమొస్తే పడుకోబెడతారు. లేస్తే తిడతారు. రోగిష్టిని లేపి నడిపించేది నేను యాడా వినలే.

ఆమె కోపగించుకోలే. కుర్చీ లాక్కోని కూర్చోని నిదానంగా చెప్పింది. పడుకుంటే కండ కరుగుతాది, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరుతాది, నిమ్ము చేరిన మనిషికి తర్వాత రౌండు మందు ఇయ్యలేరు, మందు ఆపితే రోగం మల్ల తల లేపుతాది. "మందు డాక్టరు ఇస్తారు. దాన్ని తాళుకునే ఒళ్ళు మాత్రం ఈయనే చేసుకోవాల" అనింది. అప్పుడు నాకు సంగతి బుర్రకెక్కింది. మావాడు బతకాలంటే లేచి నిలబడాల. అంతే.

ఆమె ఊరికే లేపేది గాదు. పొద్దున్నే జ్వరం చూసేది, ఆ పొద్దు రక్తంలో కణాల కౌంట్లు చూసేది. బాగా తక్కువుంటే మంచంలోనే పాదాలు పైకీ కిందికీ ఆడించమనేది, మెత్తని బంతి ఇచ్చి పిసకమనేది. మూడు బంతులుండే ప్లాస్టిక్ డబ్బా ఒకటుండె, గొట్టంతో గాలి పీలిస్తే బంతులు పైకి లేస్తాయి. కౌంట్లు కొంచెం బాగుంటే కుర్చీలోంచి లేసి కూర్చోమనేది. ఇవన్నీ ఓబులేసు ముక్కుతా మూలుగుతా చేసినాడు. నడక కాడికొచ్చేసరికి మాత్రం మొండికేసినాడు.

వాని గది బయట ఒక పొడుగాటి వరండా. బయటోళ్ళు రాకుండా తలుపులు మూసిపెట్టి ఉంటుంది. ఆ చివర ఒక అద్దాల కిటికీ. సెలైన్ కట్టిన చక్రాల స్టాండు పట్టుకోని ఆ కిటికీ దాకా పోయి రావాల.

"ఆ గోడ కాడ ఏముండాదని పోవాలన్నా?" అన్నాడు నాతో. వానికి నిజంగానే అర్థం కాలే. పుట్టినప్పటినుంచీ చేనికో, సంతకో, ఎవరింటికో నడిచినోడు. ఊరికే నడిచి ఊరికే తిరిగొచ్చే మనిషిని మా ఊర్లో పిచ్చోడంటారు. గోడవైపు తిరిగి పండుకున్నాడు. మేడమ్ వచ్చేది, బతిమాలేది, పొయ్యేది. ఒకటే తంతు. డాక్టరు గూడా ఒకసారి తల అడ్డంగా ఊపి పోయినాడు.

నాకు దిగులు పట్టుకుంది. ఒక మధ్యాన్నం ఏం తోచక వరండాలో నిలబడి, లోపలికి కేకేసినా. "అనంతపురం, ఆత్మకూరు, కల్యాణదుర్గం, కంబదూరూ! ఎక్కండప్పా, ఎక్కండి! బస్సు కదుల్తాంది!"

నర్సు బిత్తరపోయి చూసింది. లోపలినుంచి చానా రోజుల తర్వాత నా తమ్ముని నవ్వు వినబడింది. ఆ నవ్వు దగ్గుగా మారి, మల్ల నవ్వయింది. "ఎవర్రా నువ్వు, ఆసుపత్రిలో గూడా టికెట్లు కొడతాండావు" అన్నాడు. "రేయ్, నేను నీ అన్నను, రా అంటావేందిరా" అన్నా. "బస్సులో కండక్టరే, అన్న గాదు" అన్నాడు.

అట్ల మొదలైంది. గది తలుపు అనంతపురం బస్టాండు. నర్సు బల్ల ఆత్మకూరు. బరువు చూసే మిషను కల్యాణదుర్గం. ఇసక నింపిన ఎర్ర బకెట్లు కంబదూరు. చివర కిటికీ మా ఊరు. నేను ముందు వెనక్కి నడుస్తా "రైట్ రైట్" అనేది, వాడు నిలబడి పోయే ప్యాసింజరు మాదిరి సెలైన్ కడ్డీ పట్టుకోని వచ్చేది. ఆయాసమొస్తే బస్సు ఆపమని వాడే "హోల్డాన్" అనేది. మేడమ్ పక్కనే చెయ్యి అడ్డం పెట్టుకోని నడిచేది. ఆమెకు ఈ ఆట చానా నచ్చింది. పక్క గదిలో ఉండే హోసూరు పెద్దాయన తలుపు సందులోంచి, "నాకూ ఒక సీటు పట్టప్పా" అంటాండె.

మేము ఊరి దిక్కే పోతాంటిమి. ఏ స్టాపు దాకా పోయినామో ఆడ "హోల్డాన్, దిగండప్పా" అని అరిచి, ఆట ఆపేసి, చప్పుడు లేకుండా వాన్ని మంచం కాడికి తీసుకొస్తాంటిమి. వచ్చేటప్పుడు రైటూ లేదు, స్టాపులూ లేవు. వాడు అలిసిపోయి ఉంటాడు గదా. ఎందుకు చెప్తాండానో మీకే తెలుస్తుంది.

మొదట ఆత్మకూరు చేరడానికే వారం పైన పట్టింది. చేరిన పొద్దు పద్మకు చెప్తే ఆమె వానికి చేతులెత్తి దండం పెట్టింది, ఎగతాళికి. కండ్లలో మాత్రం నీళ్ళున్నాయి.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మస్తాన్ బెంగుళూరు వచ్చినాడు, ఓబులేసుకు రక్తం ఇయ్యడానికి. మస్తాన్ నా బస్సు డ్రైవరు. ఇద్దరం కలిసి చానా ఏండ్లు ఒకే రూటులో చేసినోళ్ళం. తాగడు, అబద్ధమాడడు, మాట్లాడేదే తక్కువ. రక్తమిచ్చి, బయట టీ తాగుతా, "ఓబులేసును మధ్యలో ఇంటికి పంపించినారా అన్నా?" అని అడిగినాడు.

లేదప్పా, మంచం దిగేదే కష్టంగా ఉండాదన్నా.

వాడు గ్లాసు కింద పెట్టినాడు. మొన్నొక మధ్యాన్నం ఆత్మకూరులో ఓబులేసు బస్సుకోసం నిలబడి ఉండెనంట. పచ్చ గౌను, మూతికి గుడ్డ, నెత్తిన జుట్టు లేదు. చేతిలో ఏదో పొడుగు కడ్డీ. మస్తాన్ చూసి బ్రేకేసి, తలుపు తెరిపిస్తే ఎవరూ లేరు. కొత్త కండక్టరు, "ఖాళీ స్టాపులో ఎందుకాపినావప్పా?" అని కసురుకున్నాడంట.

"కండ్లద్దాలు మార్చుకో" అని నవ్వినా. నవ్వినాక గానీ తట్టలే. మస్తాన్ అంతకుముందు ఎప్పుడూ ఆసుపత్రికి రాలేదు. రక్తం ఇచ్చే గది గూడా వేరే బిల్డింగులో. ఆసుపత్రోళ్ళు మావానికి తొడిగిన పచ్చ గౌను సంగతి వానికెట్ల తెలుసు? వాడు చెప్పిన పొద్దు ఏదో అడిగినా. మేము మొదటిసారి ఆత్మకూరు చేరిన పొద్దే అది. సరే, ఏదో కలిసొచ్చిందిలే అనుకున్నా. ఎవరికీ చెప్పలే.

మా ఊర్లో అప్పుడు ఫోను అంగడి పెట్టుకున్న మామ ఇంట్లో ఒక్కటే. నేను ఆసుపత్రి బయటుండే ఎస్టీడీ బూతునుంచి చేస్తే అమ్మను పిలిచేవాడు. ఓబులేసు కల్యాణదుర్గం చేరిన వారంలో నేను ఫోన్ చేస్తే, అమ్మ గొంతు వేరేగా ఉంది.

"నాయనా, ఓబులేసు బాగుండాడా? నిజం చెప్పు."

బాగుండాడమ్మా, నడుస్తాండాడు గూడా అన్నా. నాకేమో శుభవార్త చెప్తాండానని సంబరం.  అప్పుడు అమ్మ చెప్పింది. పక్కింటి సుబ్బమ్మత్త కల్యాణదుర్గం బస్టాండులో వాన్ని చూసిందంట. పట్టపగలు. "ఓబులేసూ" అని పిలిస్తే తిరిగి చూసినాడంట, పలకలేదంట. ఈమె గంప ఎత్తుకోని మల్ల చూసేసరికి లేడంట.

 ఈ స్టాపుల ఆట తెలిసింది మా నలుగురికే. నేను, వాడు, పద్మ, మేడమ్. మేడమ్‌కు కల్యాణదుర్గం యాడ ఉండాదో గూడా తెలీదు. పద్మను అడిగితే, "నేనెవరితో చెప్తా బావా, నాకు ఫోను చేసే తీరిక యాడిది?" అనింది. నర్సులు, హోసూరు పెద్దాయన చూస్తాండారు గానీ, వాళ్ళకు మా ఊరెక్కడ, సుబ్బమ్మత్త ఎక్కడ?

అమ్మకు మాత్రం అనుమానమే లేదు. "వాన్ని నడిపించొద్దురా. వాని ప్రాణం ముందే ఇల్లు ఎతుక్కుంటా వస్తాంది. అది ఇల్లు చేరిందంటే ఇంగ మనిషి చేరడు" అని ఏడ్చింది. నేను గట్టిగా అరిచినా. ఆడ డాక్టర్లు నెత్తీ నోరూ కొట్టుకోని నడవమంటాంటే, నువ్వు సుబ్బమ్మత్త మాట పట్టుకోని నడవొద్దంటావా అని. 

మర్రోజే వానికి జ్వరం తగులుకుంది. కౌంట్లు పడిపోయినాయి. ఛాతీ ఫోటో తీస్తే ఒక పక్క నిమ్ము. మేడమ్ నడక ఆపేసింది. మంచంలోనే ఊపిరి తీసే వ్యాయామం, అంతే. ఆ దినాల్లో నేను ఫోను చేసి అడిగేవాన్ని, సిగ్గు విడిచి. ఎవరికైనా కనబడినాడా అమ్మా? లేదు. ఎవరికీ కనబడలే. వాడు మంచంలో ఉన్నన్నాళ్ళూ ఆ రోడ్డుమీద ఎవరూ ఏమీ చూడలే.

జ్వరం దిగినాక డాక్టరు నన్ను పక్కకు పిలిచినాడు. నిమ్ము పూర్తిగా విడవాల, మనిషిలో కొంచెం సత్తువ రావాల, లేకుంటే తర్వాత మందు ఇచ్చేది ప్రమాదమన్నాడు. ఆలస్యం చేసేది గూడా ప్రమాదమే అన్నాడు. "వరండా ఆ చివరిదాకా నడిచి చూపించమనండి. అప్పుడు ధైర్యంగా మొదలుపెడతాం." ఆయన మామూలుగానే చెప్పినాడు. వరండా చివర ఏముండాదో ఆయనకు తెలీదు గదా.

మల్ల మొదలుపెట్టినాం. ఈసారి నేను స్టాపులు పలకలే. ఊరికే పక్కన నడిచినా. రెండడుగులు వేసి వాడు నిలబడిపోయినాడు. "ఏమన్నా, బస్సు ఆపేసినారా? మనం పొయ్యేది ఊరికి గాదా?" అన్నాడు. ఆ మొహం చూసి నేను ఓడిపోయినా. "రైట్ రైట్" అన్నా.

వాడు ఆత్మకూరు దాటినాడు, కల్యాణదుర్గం దాటినాడు. మొండోడు, ఎట్ల దాటినాడో ఏమో. ఎర్ర బకెట్ల కాడికి పోయి బోర్లా పడినంత పని చేసినాడు. కంబదూరు. ఆ సాయంత్రం నేను అడక్కముందే అమ్మ చెప్పింది. కంబదూరులో మందుల అంగడి ముందర నిలబడి ఉండెనంట. ఈసారి చూసింది ఇద్దరు. మా ఊరిదిక్కే చూస్తాండెనంట.

ఇంగ మిగిలింది ఒక్క స్టాపు.

ఏం చెయ్యాలప్పా నేను? నడిపిస్తే అమ్మ చెప్పినట్ల అయితే? నడిపించకుంటే డాక్టరు చెప్పినట్ల అయితే? రెండు పక్కలా పొయ్యేది వాని ప్రాణమే. నేను దేన్నీ నమ్మని మనిషిని గదా, ధైర్యంగా ఉండాల. ఉండలేకపోయినా.  చివరికి అమ్మకే ఫోన్ చేసి ఉన్నదున్నట్ల చెప్పినా, స్టాపుల ఆటతో సహా. రేపు మధ్యాన్నం మేడమ్ వస్తాది, వాడు కిటికీ దాకా పోతాడు, పోకుంటే మందు ఇయ్యరు అని.

 మామ అంగడిలో ఎవరో బెల్లం అడుగుతాండేది వినబడుతాంది.

"నడిపించు" అనింది. "ఈడ నేనుండా గదా." ఫోను పెట్టేసింది.

మర్రోజు మధ్యాన్నం వాడు తనంతట తానే లేచి కూర్చున్నాడు. ఈ పొద్దు ఊరు చేరాలన్నాడు. మేడమ్ జ్వరం చూసింది, నాడి చూసింది, సరే అనింది. నేను తలుపు కాడ నిలబడి ఊర్ల పేర్లు పిలిచినా.  మధ్యలో రెండుసార్లు హోల్డాన్ అన్నాడు. మేడమ్ కుర్చీ తెచ్చి వేసింది. కూర్చోని లేచినాడు. కంబదూరు దాటినాక మాత్రం ఆగలే. ముందర నేనున్నాననే గమనం గూడా వానికి లేదు.

కిటికీ కాడికి పోయి, అంచుమీద చెయ్యి వేసినాడు. మేడమ్ చప్పట్లు కొట్టింది. "దిగండప్పా, ఊరొచ్చింది" అనాల నేను. వాని దిక్కే చూస్తా నిలబడినా.

వాడు కిటికీ బయటికి చూస్తాండాడు. బయట ఏముండాదో నాకు బాగా తెలుసు, పక్క బిల్డింగు గోడ, దానిమీద రెండు నీళ్ళపైపులు. వాని పెదాలు కదిలినాయి. ఏమన్నాడో వినబడలే. తర్వాత కిటికీ అంచుమీద చెయ్యి తీసి, రెండు చేతులూ కలిపి దోసిలి పట్టినాడు. సూది గుచ్చిన చెయ్యి గూడా. అట్లే నిలబడినాడు. మేడమ్ నా దిక్కు చూసింది, ఏమిటిది అన్నట్ల.

దోసిలి మెల్లగా విడిపోయింది. వాని మొహం నేను మర్చిపోలేను. తన్నులు తిన్న మొహం గాదు, అంతకంటే అన్యాయమైపోయిన మొహం. తిరుక్కొని, స్టాండు పట్టుకోని, యాడా ఆగకుండా గది దాకా నడిచొచ్చినాడు. అంత బిరబిరా నడిచేది రోగమొచ్చినాక నేను చూడలే. మేడమ్ వెంటబడి, "నిదానరీ, నిదాన" అంటానే ఉంది.

మంచంమీద పండుకోని గోడదిక్కు తిరిగినాడు. మేడమ్ సంబరంగా డాక్టరుకు చెప్పడానికి పోయింది. నేను వాని భుజంమీద చెయ్యి వేసినా.

"అన్నా" అన్నాడు. "అమ్మ వాకిలికి అడ్డం కూర్చోనుండాది. లోపలికి రానీలే. దప్పికైతాందమ్మా అంటే నీళ్ళు గూడా ఇయ్యలేదన్నా."

నేను వానికి ఏమీ చెప్పి ఉండలే. మస్తాన్ మాట గానీ, సుబ్బమ్మత్త మాట గానీ, అమ్మ భయం గానీ, ఒక్క ముక్క చెప్పలే. పద్మకు గూడా పూర్తిగా చెప్పలే. అది ఉత్త కలేరా, మందు మత్తు అన్నా. వాని కండ్లలోంచి నీళ్ళు కారి చెవిలోకి పోతాండాయి.

పద్మ వచ్చేదాకా ఉండి, బూతు కాడికి పరిగెత్తినా. ఒక్కసారి మోగిందో లేదో అమ్మే ఎత్తింది. అంగడిలోనే కాచుకోని ఉండాది.

"వచ్చినాడురా" అనింది.

ఆమె చెప్పింది చెప్పినట్ల చెప్తాండా. పొద్దున్నుంచి గడపమీదనే కూర్చునిందంట, తాగడానికి పక్కన చెంబు నీళ్ళు పెట్టుకోని. ఎండ మిటమిటలాడతాంటే వీధిలో నడుచుకుంటా వచ్చినాడంట. కాళ్ళకు చెప్పుల్లేవంట. మొహం పీక్కుపోయిందంట. వాకిట్లో నిలబడి, "అమ్మా, దప్పికైతాంది" అని దోసిలి పట్టినాడంట.

"చెంబు నా చేతికాడనే ఉండె నాయనా. ఇస్తే ఉండిపోతాడని ఇయ్యలే. నువ్వు ఈడికి గాదు రావాల్సింది, పో, నీ మంచం కాడికి పో, నీ పెండ్లాం ఉండాది, మీ అన్న ఉండాడు, పోరా అని తరిమినా. కన్నబిడ్డనురా. దప్పికంటే తరిమినా. నా దిక్కు ఒక చూపు చూసినాడు" అనింది.  ఫోను మామ తీసుకున్నాడు.

ఆ తర్వాత మందు ఇచ్చినారు. ఇంకో రౌండు, ఇంకో రౌండు. ప్రతిసారీ కిందికి పడేవాడు, ప్రతిసారీ మేడమ్ "ఏళ్రీ" అని లేపేది. నడక మానలే. ఊరి ఆట మాత్రం వాడే వద్దన్నాడు. ఊరికే నడిచినాడు, పిచ్చోని మాదిరి, ఈ గోడనుంచి ఆ గోడకు. మా రోడ్డుమీద ఇంగ ఎవరికీ కనబడలే. మరుసటి ఏడు వాని రక్తంలో రోగం కణాలు లేవని చెప్పినారు. మందు బాగా పట్టిందని డాక్టరన్నాడు. నడిచినాడు కాబట్టే మందు పట్టిందని మేడమ్ అనింది. నేను ఇద్దరికీ దండం పెట్టినా, రెండూ నిజమే కాబట్టి.

ఇంటికి తీసుకొచ్చిన పొద్దు అమ్మ వాకిట్లోనే ఎదురుగా నిలబడింది. వాని చెయ్యి పట్టి చూసింది, మొహం తడిమింది, చెంబు చేతికిచ్చింది. వాడు గటగటా తాగినాడు. ఇంకో చెంబు ఇచ్చింది, అదీ తాగినాడు. మూడోది తెస్తే, "చాలమ్మా, నేనేమన్నా చేనా?" అని నవ్వినాడు. అందరం నవ్వినాం. సుబ్బమ్మత్త వాన్ని దూరంనుంచే చూసి, నీడ పడతాందా లేదా అని వంగి చూసింది. పడతాంది.

నేను మీ అందరికంటే ముందే దీన్ని అటూ ఇటూ తిప్పి చూసినా. వాడు ఎప్పుడు నడుస్తాడో అమ్మకు నేనే చెప్పినా. ముసలిమనిషి, అన్నం తినకుండా ఎండలో కూర్చుంది, కండ్లు బైర్లు కమ్మి ఉంటాయి. వాడు గూడా నీరసంతో ఏదో ఊహించుకోని ఉంటాడు. సరేనప్పా, ఒప్పుకుంటా. మస్తాన్‌ను గూడా పక్కన పెడదాం. ఆ దోసిలి, ఆ దప్పిక, ఇద్దరికీ ఒక్కటే ఎట్లయింది? నేను ఫోను చెయ్యకముందే వాడు నాకు చెప్పినాడే, దానికేమంటారు? నాకు తెలియదు. తెలిసినోళ్ళు దొరకలే.

ఓబులేసు దాన్ని కలనే అంటాడు. "నీళ్ళియ్యని తల్లి" అని అమ్మను ఉడికించేవాడు. ఆమె నవ్వేది గాదు. వాడు చేన్లో దున్నుతాండంగానే, ఇంట్లో అన్నం తింటాండంగానే, దినామూ ఎండ ఎక్కినాక చెంబు నిండా నీళ్ళు తెచ్చి బయట గడప పక్కన పెట్టేది. కాకులకేమో అనుకున్నాం.

ఒకసారి నేను ఉండబట్టలేక అడిగినా. చుట్టూ ఎవరూ లేరని చూసుకోని చెప్పింది.

"వీడు ఇంట్లో ఉండాడు. నా కండ్ల ముందర తింటాండాడు, నాకు తెలుసు. మరి ఆ పొద్దు నేను తరిమితే, దప్పికతో తిరుక్కొని పోయినోడు ఎవరురా? వాడు గూడా నన్ను అమ్మా అనే గదరా పిలిచింది?"

వాన్ని మంచం కాడికి తిరిగి తెచ్చేటప్పుడు నేను ఒక్క స్టాపూ పలకలేదే అని నాకు అప్పుడు తట్టింది. 

అమ్మ పోయి కొన్నేండ్లయింది. ఇప్పుడు మధ్యాన్నం ఆ చెంబు ఓబులేసే పెడతాండాడు. ఎవరికని నేను అడగలే.